పోటీకి నాలుగు వారాల ముందు

మొదటిసారి చూసింది ఒక శుక్రవారం పొద్దుగాల. అఫ్జల్‌గంజ్ దాకా ఉరికి, మల్ల మాదన్నపేటకు తిరిగొచ్చి, బూట్లు విప్పకుండనే వాకిట్ల ఉన్న లెట్రిన్‌కు పోయిన. మా ఇంటికి, పక్కింటికి కలిపి అదొక్కటే. తలుపు గొళ్లెం సరిగ్గ పడకపోయేది, ఒక చేత్తో పట్టుకొనే కూసోవాలె. ఒంటికి పోయి లేస్తూ కిందికి చూసిన. గచ్చు మీద పారేది పాలు పొయ్యని చాయ్ రంగుల ఉంది. నడుమ నడుమ ఇంకా ఎర్రగ ఉంది.

నెలసరి అయిపోయి పది దినాలైంది. అది కాదని నాకు తెలుసు. చెంబుతోని నీళ్లు పోసిన. పోలేదనిపించి మల్ల పోసిన. బక్కెట్ల నీళ్లన్నీ అయిపోయినంక బయటికొచ్చి, వాకిట్ల నిలబడి, బొటనవేలుతోని కాలి ముందటి ఎముక మీద గట్టిగ ఒత్తి చూసుకున్న. సొట్ట పడలే.

ఎందుకు ఒత్తుకున్ననో చెప్పాలె. బాపుకు ఒక అక్క ఉండె, మా మేనత్త. భర్త పోయినంక మా ఇంట్లనే ఉంటుండె. నాకు పదేండ్లప్పుడు వంటింట్ల అమ్మతోని మెల్లగ చెప్తుంటే విన్న, ఒంటికి ఎర్రగొస్తున్నదని. ఆ తర్వాత ఆమె కాళ్లు వాచినయి. వేలుతోని ఒత్తితే పడ్డ సొట్ట పిండిల పడ్డట్టు అట్లనే ఉండేది. మొఖం గుర్తుపట్టరాకుండ ఉబ్బింది. కిడ్నీలు చెడిపోయినయని డాక్టర్లు చెప్పిన్రట. బాపు ఆమెను రిక్షాల కూసోబెట్టుకొని ఎన్నిసార్లు దవాఖానకు తిప్పిండో లెక్క లేదు. ఆఖరికి మా ముందటి అర్రల, మంచం మీద, ఒక మధ్యాహ్నం పోయింది. నేను బడి నుంచి వచ్చేసరికి ఇంటి నిండ మనుషులున్నరు.

గందుకే ఆ శుక్రవారం నాకు ఏ డాక్టర్ చెప్పకముందే అంతా తెలిసిపోయిందనుకున్న. ముందు కాళ్లు, తర్వాత మొఖం, తర్వాత మంచం.

అప్పుడు నాకు పద్దెనిమిదేండ్లు. డెబ్బైల చివరి సంవత్సరాలు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న. బాపు రైల్వేల ఫిట్టర్. అమ్మ సర్కారు ఆడోళ్ల దవాఖానల ఆయా. బడి పోటీలల్ల నేను ఎప్పుడూ ఆఖరి రౌండ్ల అందరినీ దాటిపోతుంటే బాపు చూసి, తనతో పనిచేసే ఒకాయన దగ్గరికి తోలుకపోయిండు. ఆయన ఒకప్పుడు రైల్వే జట్టుల లాంగ్ డిస్టెన్స్ ఉరికినాయన. మేమంతా సార్ అని పిలుస్తుంటిమి. నది అవతల పెద్ద గ్రౌండ్ల నలుగురు పిలగాండ్లను, నన్నూ తయారు చేస్తుండె. వారంల నాలుగు దినాలు సాయంత్రం గ్రౌండ్, మిగిలిన దినాలు పొద్దుగాల రోడ్డు. రోడ్డు మీద నేను ముందట, బాపు వెనక సైకిల్ మీద.

నాది మూడువేల మీటర్లు, ఏడున్నర రౌండ్లు. రాష్ట్ర పోటీలు నాలుగు వారాల్ల ఉండె. మొదటి ఇద్దరిని నేషనల్స్‌కు పంపుతరు. అక్కడిదాకా పోయినోళ్లకు స్పోర్ట్స్ కోటాల రైల్వే నౌకరీకి దారి దొరుకుతదని సార్ ఎప్పుడో ఒకసారి అన్నడు. ఆయన అన్నది ఒకసారి, బాపు షెడ్డుల అందరికీ చెప్పుకున్నది వందసార్లు. మా బిడ్డ రైల్వేల చేరుతదని ఇప్పటికే చేరినట్టు చెప్తుండె.

అసొంటి మనిషికి నీ అక్క రోగమే నీ బిడ్డకు వచ్చిందని ఎట్ల చెప్పాలె? చెప్పలే. అమ్మకు సుత చెప్పలే.

ఆ దినాలల్ల భయం నాతోని ఒక మనిషి లెక్క తిరిగింది. క్లాసుల కూసుంటే లెక్చరర్ చెప్పేది చెవుల పడకపోయేది. బల్ల కింద కాలు ఒత్తి చూసుకునేది. అద్దంల మొఖం చూసుకుంటే కండ్ల కింద ఉబ్బినట్టే కనబడేది. అమ్మ అన్నం ఎక్కువ పెడితే, తినకపోతే అనుమానమొస్తదని మొత్తం తినేది. ఉరికిన రోజు ఎర్రగొచ్చేది. ఉరకని రోజు మామూలుగనే ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే అది చూసి ధైర్యం రావాలె. కానీ అప్పుడు నాకు గట్ల తోచలే. రోగం లోపల దాక్కొని ఉన్నది, నేను కదిలించినప్పుడల్ల బయటికొస్తున్నది అనుకున్న.

ఆదివారం మా చర్చి గుడికి పోయినప్పుడు మోకాళ్ల మీద కూసొని మొక్కుకున్న. ప్రభువా, ఇది ఆ రోగం కాకపోతే ఇగ ఉరకను, ఇడిచిపెడుత అన్న. ఆ రోజు మాపటిదాకా ఎర్రగ రాలే. నా ప్రార్థన విన్నడనుకున్న. సోమవారం పొద్దుగాల బాపు సైకిల్‌కు గాలి కొట్టి, వాకిట్ల నిలబడి, పోదామా బిడ్డా అన్నడు. ఉరకనని మాట ఇచ్చిన అని ఎట్ల చెప్పాలె? బూట్లు కట్టుకున్న. తిరిగొచ్చి చూసుకుంటే ఎప్పటికన్న ఎర్రగ ఉంది. ఇగ అప్పటి నుంచి రెండు భయాలు. రోగం ఒకటి, మాట తప్పిన పాపం ఒకటి.

నేను మెల్లగ ఉరుకుడు షురూ చేసిన. బాపుకు తెల్వదనుకున్న. దబీర్‌పురా రైలుగేటు కాడికి వచ్చేసరికి గేటు పడి ఉంటే నాకు పాణం లేచొచ్చేది, రైలు పోయేదాక నిలబడొచ్చని. అక్కడ చాయ్ హోటల్ ముందట ఒక ముసలాయన కుర్చీలు దులుపుతుండె. రోజూ నీళ్ల గిలాస ఎత్తి చూపి, పానీ పీకే జావ్ బేటీ అంటుండె. నేను రోజూ తల అడ్డంగ ఊపేదాన్ని.

నీళ్లు ఎందుకు తాగకపోతుంటి అంటే రెండు కారణాలు. ఒకటి సార్ మాట, నీళ్లు తాగితే కడుపు బరువైతది, అడుగు పడదు అని. ఇంకోటి సార్‌కు సుత తెల్వదు. గ్రౌండ్ల ఆడపిల్లలు పోయేటందుకు జాగ లేకుండె. పిలగాండ్లు గోడ దిక్కు తిరిగి నిలబడేటోళ్లు. నేనెక్కడికి పోవాలె? గందుకని గ్రౌండ్ ఉన్న రోజు పొద్దటి నుంచే నీళ్లు బంద్ చేసేది. బస్సెక్కే ముందు ఉన్న కాస్తా పోయి వచ్చేది. పొద్దుగాల రోడ్డుకు పోయినా గదే పద్ధతి. ఇది ఒక విషయమని నాకెప్పుడూ అనిపించలే.

రెండో వారంల ఒకరోజు బాపు సైకిల్ నా పక్కకు తెచ్చిండు. కాలు నొస్తున్నదా అని అడిగిండు. లేదన్న. మరి ఏమైంది, నువ్వు అడుగులు లెక్కబెట్టుకుంట ఉరుకుతున్నవు అన్నడు. ఏం లేదు బాపు అని జోరు పెంచిన. భయంతోనే ఉరికిన. గుండె కొట్టుకునే ప్రతి దెబ్బకూ లోపల ఏదో చిరుగుతున్నట్టు అనిపించింది. ఇంటికొచ్చేసరికి బాపు ఖుషీగ ఉండె. నేను లెట్రిన్ తలుపు పట్టుకొని మస్తుసేపు కూసున్న.

అమ్మ కనిపెట్టింది. బట్టలు ఉతికేది ఆమెనే. బుధవారం ఆమెకు మధ్యాహ్నం డ్యూటీ. నేను కాలేజీకి పోయేటందుకు జడ వేసుకుంటుంటే, నా లోపలి బట్ట ఒకటి చేతుల పట్టుకొని వచ్చి తలుపు దగ్గరికేసింది. దాని మీద చిన్న మరక, గోధుమ రంగుది.

"ఇది నెలసరిది కాదు. నీ తారీఖులు నాకు తెలుసు. ఏందిది?"

చెప్పిన. చెప్తుంటే ఏడుపు రాలే, పండ్లు మాత్రం టకటక కొట్టుకున్నయి. అమ్మ ఎన్ని దినాల నుంచి అని అడిగింది. పన్నెండు అన్న. బాపుకు తెలుసా అని అడిగింది. తెల్వదన్న. ఆమె కింద కూసొని నా సల్వార్ పైకి లేపి, బొటనవేలుతోని కాలు ఒత్తి చూసింది, నేను చూసుకున్నట్టే. గప్పుడు నాకు తెలిసింది, అమ్మకు సుత మేనత్తనే యాదికొచ్చిందని. ఒత్తిన వేలు ఆమె మస్తుసేపు తియ్యలే.

అమ్మ లొల్లి చెయ్యలే. ఉరకని రోజు మంచిగుంటదా అని రెండుసార్లు అడిగి, అర్థం చేసుకుంది. అటక మీది నుంచి పాత టానిక్ సీస తీసి, నీళ్లల్ల మరగబెట్టి, బోర్లించింది.

"రేపు ఎప్పటి లెక్కనే ఉరుకు. వచ్చినంక ఈ సీసల పట్టియ్యి. మంచిగున్న రోజు పట్టిస్తే దవాఖానల వాళ్లకేం కనబడదు."

ఆ గురువారం ఉరికినంత భయంగ నా జన్మల ఉరకలే. అప్పటిదాక రాకూడదని మొక్కుకుంట ఉరికేదాన్ని. ఆ రోజు రావాలని ఉరికిన. వెనక బాపుకు ఏమీ తెల్వదు, ఈల వేసుకుంట వస్తుండె. నయాపూల్ మీద ఎండ పడుతుంటే నా నీడ చూసుకుంట, ఈ కాళ్లు ఇంకెన్ని దినాలు గిట్ల సన్నగ ఉంటయో అనుకున్న. ఇంటికొచ్చి సీస పట్టిన. వెచ్చగ ఉంది. రంగు చూసి అమ్మ మొఖంల ఏ మార్పూ రానియ్యలే. తువ్వాలల చుట్టి, టిఫిన్ డబ్బ పక్కన సంచిల పెట్టుకొని బస్సుకు పోయింది.

ఆమె పనిచేసే దవాఖానల రోజూ కడుపుతోని ఉన్న ఆడోళ్ల సీసలు లైన్ల పెట్టి పరీక్ష చేస్తరు. నా సీస వాటి నడుమ పెట్టిందట. పరీక్ష చేసేటాయన ఎన్నో నెల అని రాసుకోబోతే, కాదు, మా ఇంటి పిల్ల అని చెప్పిందట. మాపటికి ఆమె వచ్చేదాక నేను గడప మీదనే కూసున్న. వచ్చినంక చెప్పింది, రక్తం ఉన్నదన్నరు, రేపు నిన్ను తోలుకరమ్మన్నది డాక్టరమ్మ అని. గా మాట చెప్పేటప్పుడు నా దిక్కు చూడలే, చీర కొంగు మడతబెట్టుకుంట చెప్పింది.

మరునాడు ఆ దవాఖాన వరండల, పెద్ద పెద్ద కడుపుల ఆడోళ్ల నడుమ బెంచీ మీద కూసున్న. మా బస్తీవాళ్లు ఎవరన్న చూస్తే ఏమనుకుంటరోనని చున్నీ మొఖం మీదికి లాక్కున్న. పక్కనున్నామె నా కడుపు దిక్కు చూసి, ఎన్నో నెల అని ప్రేమగనే అడిగింది. నేను చున్నీ ఇంకా కిందికి లాక్కున్న.

డాక్టరమ్మ పెద్దామె, తెల్ల వెంట్రుకలు. అమ్మ ఆమె ముందట చేతులు కట్టుకొని నిలబడ్డది. డాక్టరమ్మ నా కండ్లు, కాళ్లు, నడుము చూసింది, బీపీ చూసింది. మేనత్త సంగతి అమ్మ చెప్తే మొత్తం విన్నది. తర్వాత నన్నడిగింది.

"పొద్దటి నుంచి నీళ్లు ఎన్ని తాగినవ్?"

"తాగలే మేడం."

"నిన్న?"

"అన్నం తిన్నప్పుడు ఒక గిలాస."

"ఎందుకు?"

నేను అమ్మ దిక్కు చూసిన. "గ్రౌండ్ల ఒంటికి పోయేటందుకు జాగ లేదు మేడం."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. తాను చదువుకునే కాలంల సుత వార్డుల ఆడోళ్లకు జాగ లేక గిట్లనే నీళ్లు మానుకునేదని చెప్పింది. నీళ్లు లేకుండ, మూత్రం సంచిల ఏమీ లేకుండ అంతసేపు గట్టి రోడ్డు మీద ఎగిరెగిరి ఉరికితే లోపలి పొర రాసుకొని రక్తం రావచ్చని తనకు అనిపిస్తున్నదట. కానీ ఇది అనుకునుడే, గ్యారంటీ కాదన్నది. నాలుగు దినాలు ఉరకకుండ నీళ్లు బాగ తాగి, మల్ల పరీక్ష ఇయ్యాలె. గప్పుడు సుత రక్తం కనబడితే కిడ్నీ డాక్టర్ దగ్గరికి పంపుత అన్నది. ఉరకొచ్చా అని అమ్మ అడిగింది. నేను పురుళ్ల డాక్టర్ని, ఉరుకుడు సంగతి నాకు తెల్వదు అన్నదామె.

ఆ నాలుగు దినాలు బాపుకు కాలు బెణికిందని చెప్పినం. సార్ బాపు చేతికి తైలం సీస ఇచ్చి పంపిండు. ఉత్తపున్నేనికి దాన్ని కాలికి రాసుకున్న. నాలుగు దినాలైనంక రెండో పరీక్షల ఏమీ లేదు. రక్తమూ లేదు, ఇంకేదో పోతుందేమో అని చూస్తరట, అది సుత లేదు. అమ్మ ఆ కాయితం చేతుల పట్టుకొని దవాఖాన మెట్ల మీద కూలబడ్డది. నాకైతే సంతోషం రాలే. మల్ల ఉరికితే మల్ల వస్తదేమో కదా, అది ఎవలకు తెలుసు?

ఆ రోజు అమ్మ బాపుకు మొత్తం చెప్పేసింది. రిపోర్టు ముందట పెట్టే చెప్పింది. బాపు రిపోర్టు చూడలే. మేనత్త మంచం ఉండే మూల దిక్కు చూసుకుంట కూసున్నడు. ఇన్ని దినాలు వెనక నేనే ఉరికించిన్నా అని ఒక్కసారి అడిగిండు. అమ్మ జవాబు చెప్పకముందే లేచి, సైకిల్ తీసుకపోయి పక్కింటాయన వాకిట్ల పెట్టి వచ్చిండు. పోటీలు వద్దు, నౌకరీ వద్దు, బిడ్డ ఉంటే చాలన్నడు.

నేను సుత గదే అందామనుకున్న. నిజం చెప్పాలంటే నాకు ఉరకాలని లేకుండె. కానీ ఉరకకుంటే ఆ భయం ఏందో ఎన్నటికీ తెల్వకుండనే లోపల ఉండిపోతదని ఇంకో భయం. ఎన్నడూ నా ఉరుకుడు ఇష్టం లేని అమ్మనే ఆఖరికి అన్నది, ఒక్కసారి నీళ్లు తాగి ఉరికి చూద్దాం, నేను వస్త, నా కండ్ల ముందట చూస్త అని. సార్‌తోని సుత ఆమెనే పోయి మాట్లాడింది. నీళ్ల సంగతి చెప్తే ఆయన మొదలు నవ్విండట. జాగ సంగతి చెప్పినంక తల దించుకున్నడట.

మిగిలిన దినాలు రోజు విడిచి రోజు, నీళ్లు తాగి, మట్టి బాట మీద కొద్దికొద్దిగ ఉరికిన. రెండుసార్లు ఏమీ రాలే. ఒకసారి కొంచెం రంగు వచ్చింది. ఆ ఒక్కసారికే నాకు మూడు దినాలు అన్నం సైసలే.

పోటీ రోజు అమ్మ సెలవు పెట్టింది. సంచిల నీళ్ల సీస, పాత దుప్పటి, తెల్ల పింగాణి గిన్నె పెట్టుకుంది. గ్యాలరీ వెనక గోడ మూలకు దుప్పటి అడ్డం పట్టి, పో అన్నది. నేను పోయి వచ్చేసరికి వేరే జిల్లాల నుంచి వచ్చిన అమ్మాయిలు ఇద్దరు దూరంల నిలబడి చూస్తున్నరు. మేము సుత పోవచ్చా అక్కా అని అమ్మను అడిగిన్రు. కొంచెంసేపట్ల అక్కడ లైను కట్టిన్రు. అమ్మ చేతులు నొచ్చినా దుప్పటి దించలే.

గీత కాడ నిలబడ్డ. తుపాకి పేలింది. మొదటి రెండు రౌండ్లు ఎవరు ముందట ఉన్నరో సుత చూడలే, నడుముల నొప్పి మొదలైతదా అని వెతుక్కుంట ఉరికిన. మూడో రౌండు కాడ సార్ గొంతు వినబడ్డది, మెడ దించకు అని. ఐదో రౌండుకు నాలుగో జాగల ఉన్న. ఒకామె వెనకబడ్డది, మూడుకొచ్చిన. నా ముందట ఇద్దరే. రెండో ఆమె పొడుగ్గ ఉండె, ఎర్ర రిబ్బన్ల జడ వీపు మీద ఎగురుతుండె. ఆఖరి రౌండ్ల చెయ్యి చాపితే ఆ జడ అందేంత దగ్గరికొచ్చిన. గప్పుడే కడుపుల కింద ఒక పోటు వచ్చింది. మామూలు పోటే కావచ్చు, ఉరికేటోళ్లందరికీ వచ్చేదే. నేను ఒక్క క్షణం, రెండు అడుగులంత, తగ్గిన. ఆ రెండు అడుగులు మల్ల దొరకలే. మూడోదాన్నైన.

నాకు ఓడిపోయిన్నన్న బాధ అప్పుడు తెల్వలే. గీత దాటి సీద అమ్మ దిక్కే పోయిన. దుప్పటి వెనక గిన్నె పెట్టి చూసినం. లేత గులాబి రంగు. అమ్మ దాన్ని వెలుతురు దిక్కు తిప్పి, ముందటంత లేదు, తాగు, ఇంకా తాగు అని నీళ్ల సీస నోటికి పెట్టింది. దుప్పటి పక్కకు జరిగింది. ఆ ఎర్ర రిబ్బన్ల అమ్మాయి అక్కడ నిలబడి గిన్నె దిక్కే చూస్తున్నది.

"నీకు సుత వస్తదా?" అన్నది.

నేను తలూపిన. తనకు రెండేండ్ల నుంచి వస్తున్నదని, ఇంట్ల చెప్తే ఉరకనియ్యరని ఎవలకూ చెప్పలేదని, నెల నుంచి కాళ్లు సుత బరువుగ ఉంటున్నయని చెప్పింది. మాటలు చెప్తుంటే ఆమె పండ్లు సుత టకటకమన్నయి. అమ్మ ఆమెను అక్కడే కూసోబెట్టి కాలు మీద వేలు పెట్టి ఒత్తింది. నేను చూడొద్దని మొఖం తిప్పుకున్న. ఇంటికి పోయినంక ముందు దవాఖానల చూపియ్యి, అటెనకనే ఉరుకుడు అని అమ్మ ఆమెకు రెండుసార్లు చెప్పింది. మా ఇంటి అడ్రసు కాయితం ముక్క మీద రాయించి ఇచ్చింది. ఆ పిల్లను వాళ్ల జట్టువాళ్లు పిలిస్తే లేచి పోయింది. సొట్ట పడ్డదా అని అమ్మను నేను అడగలే. ఆమె చెప్పలే.

ఇంటికి పోయేసరికి బాపు వాకిలి బయటనే ఉన్నడు. ఎన్నో నంబరని అడగలే. నన్ను అడిగేటందుకు సిగ్గుపడి, అమ్మను పక్కకు పిలిచి మెల్లగ ఏదో అడిగిండు. ఆమె చెప్పింది. అప్పుడు నా దిక్కు చూసి, అలసిపోయినవు, తిను అన్నడు. నా వెనక సైకిల్ మీద ఆయన మల్ల ఎన్నడూ రాలే. నేను ఉరకబోయే దినాలల్ల పొద్దుగాల్నే డ్యూటీ వేయించుకునేటోడు, ఇంట్ల ఉండకుండ.

ఆ అమ్మాయి నుంచి ఉత్తరం రాలే. నేను ఉరుకుడు ఆపలే. నీళ్లు తాగేది, కొన్నిసార్లు రంగు వచ్చేది, ఎక్కువసార్లు రాకపోయేది. తర్వాతి ఏడాది రాష్ట్ర పోటీలల్ల రెండోదాన్నైన, నేషనల్స్‌కు పోయి వెనక వరుసల వచ్చిన. ఇంకో రెండేండ్లకు రైల్వేల క్లర్కుగ చేరిన. ఆ రెండో నంబరు వచ్చిన రోజు, పరుగుకు ముందు, గ్యాలరీ అంతా తిరిగి ఎర్ర రిబ్బన్ల జడ కోసం వెతికిన. వాళ్ల జిల్లావాళ్లను అడిగిన. పెండ్లైందేమో అని ఒకామె అన్నది. పాణం బాగలేదని విన్న అని ఇంకొకామె అన్నది. సరిగ్గ ఎవలకూ తెల్వదు.